నోరు తెరవని పులస

గోదారికి ఎర్రనీళ్లొచ్చాయంటే అడవిలో ఏ జంతువుకీ బుర్ర తిన్నగా ఉండదు. సముద్రం నుంచి పులస చేపలు ఎదురీదుకుంటూ వచ్చేది అప్పుడే మరి. నీళ్లు తేటపడ్డాయా, మళ్లీ ఏడాది దాకా లొట్టలేసుకోవడమే!

ఆ ఏడు ఎలుగుబంటి బుల్లబ్బాయికి పెద్ద చిక్కొచ్చిపడింది. నెలలు నిండుతున్న పెళ్లాం నూకాలుకి పులస మీద మనసైంది.

"నీళ్లు తేరేలోపు తెచ్చావా, సరే. లేదంటే ఈ గుహ గుమ్మం తొక్కకు," అంది. నూకాలు ఓ మాట అన్నదంటే అన్నదే. ఆ సంగతి బుల్లబ్బాయికి తెలీదూ!

వాడికి చెట్టెక్కి తేనె పిండటం వచ్చుగానీ, చేపల సంగతి సున్నా. నేరుగా నక్క అబ్బులు కొట్టుకి పోయాడు. టూరిస్టులు ఏటి ఒడ్డున వదిలేసిపోయిన సామానంతా ఏరుకొచ్చి కొట్టు పెట్టాడు అబ్బులు. జన్మలో నీళ్లల్లో కాలు పెట్టిన పాపాన పోలేదు.

"రండి బావగారూ! పులసకేనా? మామూలు గేలం చూస్తే అది నవ్విపోద్దండీ బాబూ. ఇదిగో ఫారిన్ కర్ర, దీనికి దారం చుట్టే చక్రం, దీనికి ఈకల ఎర."

"ఈకలెందుకురా? పులస కోడిని తింటుందా?"

"ఆయ్, మీకు తెలియంది అదేనండి! పొద్దున్నకి ఎర్ర ఈక, సాయంత్రానికి పచ్చ ఈక. మబ్బేస్తే మెరుపు రేకు. ఇది టోపీ."

"టోపీ చేపకా, నాకా?"

"మీకేనండి! ఇదిగో, పన్నెండు జేబుల కోటు కూడానూ."

బుల్లబ్బాయికి మతిపోయింది. నూకాలు పురిటికని దాచిన తేనె కుండ తెచ్చి అబ్బులు చేతిలో పెట్టేశాడు. అబ్బులు సామానంతా ఓ పాత ఉల్లిపాయల వల సంచిలో కుక్కి, "సంచి ఊరికేనండి, మనలో మనకేంటి!" అన్నాడు.

మొదటి విసురుకే గేలం గిర్రున వెనక్కొచ్చి బుల్లబ్బాయి పిర్రకి గుచ్చుకుంది. వాడి కేకకి ఏటి ఒడ్డున కునుకు తీస్తున్న ముసలి కొంగమామ్మ ఉలిక్కిపడి లేచింది. మూడు రోజులు ఎర్ర ఈక, పచ్చ ఈక, మెరుపు రేకు అన్నీ వేశాడు. ఒక్క చేపా ముట్టలేదు. నీళ్ల ఎరుపు విరుగుతోంది. పులసా లేదు, తేనే లేదు, ఇంక ఇల్లూ లేదని ఏడుపొచ్చేసింది పాపం.

"ఏడవకురా అబ్బాయ్," అంది కొంగమామ్మ. "ఏటికెక్కిన పులస ఎర ముట్టదు. నోరు మూసుకుని, తల ముందుపెట్టి దూసుకుపోద్దంతే."

"ముందే చెప్పొచ్చుగా మామ్మా!"

"నన్నడిగావేంట్రా? టోపీ పెట్టుకున్నోడికి నేనేం చెప్తాను!"

తల ముందుపెట్టి దూసుకుపోద్ది. అంటే దారిలో ఏదుంటే దాంట్లో తల దూర్చాల్సిందేగా! బుల్లబ్బాయి సామాను వంక చూశాడు. ఒక్కటీ పనికిరాదు. ఖాళీగా పడున్న వల సంచి మాత్రం కనపడింది. దాన్ని తీసుకుని రెండు రాళ్ల మధ్య సందులో దిగి, మూతి దిగువకి తెరిచి పట్టుకున్నాడు. పొద్దు వాలకముందే సంచి దభీమని ఊగింది. చేటంత పులస!

గుహలో నూకాలు పెట్టిన పులుసు వాసన అడవంతా కొట్టింది. అబ్బులు పరిగెత్తుకొచ్చాడు.

"ఏ ఈకకి పడింది బావగారూ?"

వెటకారం కాదు, నిజంగానే అడుగుతున్నాడు! బుల్లబ్బాయికి నవ్వు తన్నుకొచ్చిందిగానీ, ఆపుకున్నాడు.

"నువ్వు చెప్పినట్టే, ఎర్ర ఈక."

"ఆ సామాను నాకిచ్చెయ్యండి బావగారూ, మీ కాళ్లు పట్టుకుంటా. ఇంకా ఎన్ని పులసలున్నాయో ఏట్లో!"

"నేనివ్వను బాబూ. అయినా అంతిదిగా అడుగుతున్నావు... సరే, నా తేనె నాకిచ్చెయ్."

అబ్బులు ఇంకా వేలైనా పెట్టని కుండ మోసుకొచ్చి ఇచ్చేశాడు.

"సంచి మాత్రం నేనుంచుకుంటారా. ఊరికే ఇచ్చిందేగా."

"ఉంచుకోండి, ఉంచుకోండి!" పిచ్చి ఎలుగుబంటి అనుకుని లోలోపల నవ్వుకుంటూ పోయాడు అబ్బులు.

నీళ్లు తేరాయి. పులసలు సముద్రానికి పోయాయి. అబ్బులు మాత్రం టోపీ పెట్టుకుని ఎర్ర ఈక మార్చి పచ్చ ఈక, పచ్చ ఈక మార్చి ఎర్ర ఈక వేస్తూనే ఉన్నాడు. పక్కనే ఒంటికాలి మీద నిలబడ్డ కొంగమామ్మని అతను ఏమీ అడగలేదు, ఆవిడా ఏమీ చెప్పలేదు.

సరుకు అమ్మేవాడు తన కబుర్లు తనే నమ్మేస్తే, వాణ్ణి ముంచడానికి ఇంకొకరు అక్కర్లేదు.