ఎర్ర గిటారు, ఉత్త చెక్క గిటారు

హైమావతి తనను వద్దంటోంది. పెంచల్‌కు వచ్చిన కష్టమల్లా ఇదే.

నెల్లూరు చుట్టుపక్కల పేరున్న ఆర్కెస్ట్రా పార్టీ హైమావతిది. పాటలు పాడేదీ ఆమే. పెంచల్ నాలుగేళ్ళుగా ఆమె వెనక ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తున్నాడు. పోయిన వారం గూడూరులో ఒక పెళ్ళి కచేరీ అయ్యాక, వైర్లు చుట్టుకుంటున్న అతని దగ్గరికి వచ్చి ఆమె మెల్లగానే చెప్పింది.

"నువ్వు వాయిస్తుంటే నా గొంతు నాకే వినపడటం లేదు పెంచల్. సౌండు తగ్గించినా అంతే. శనివారం కావలి ప్రోగ్రాం దాకా చూస్తా. తర్వాత వేరేవాళ్ళని పెట్టుకుంటా, ఏమనుకోకు."

తప్పు గిటారుదేనని పెంచల్ తేల్చేసుకున్నాడు. పాతది, చవకది. దాని ముఖం చూస్తేనే అతనికి చిరాకు. మంచి వాద్యం కొనాలని, టీ తాగాలనిపించినప్పుడల్లా మంచినీళ్ళు తాగి నాలుగేళ్ళుగా డబ్బు దాచాడు. అలా దాచినవాడికే తెలుస్తుంది, ఆ డబ్బు చెయ్యి దాటేటప్పుడు ఎంత భయమేస్తుందో.

నెల్లూరు కొట్లో మూడు రోజులు కూర్చుని వాయించి చూశాడు. చివరికి రెండు గిటార్లు మిగిలాయి. రెండూ ఖరీదైనవే, ధరలో తేడా లేదు. ఏది తీసుకోవాలో మాత్రం తెగలేదు. కొట్టు యజమాని కూడా పెంచల్‌లాగే గబ్రియేలు మాస్టారి దగ్గర గిటారు నేర్చుకున్నవాడే. "నా బుర్ర తినకు. మాస్టారికి చూపించుకుని సాయంత్రం లోపల ఒకటి వెనక్కి తెచ్చెయ్" అని రెండూ పెట్టెల్లో పెట్టి ఇచ్చాడు.

గబ్రియేలు మాస్టారు బిట్రగుంటలో ఉంటాడు. ముప్ఫై ఏళ్ళు పగలంతా రైలింజన్ల కింద దూరి నట్లు బిగించి, సాయంత్రం చేతుల జిడ్డు కడుక్కుని గిటారు పట్టినవాడు. పెంచల్‌కు మొదటి పాఠం చెప్పింది ఆయనే.

"రెండు తెచ్చావే, ఒకటి నాకా?" అన్నాడు మాస్టారు, పెట్టెలు చూసి.

"మీరు ఊఁ అంటే ఇచ్చేస్తా మాస్టారూ. వింటే మీరే చెప్తారు ఏది మంచిదో."

మాస్టారి భార్య ఎస్తేరమ్మ గుమ్మం దగ్గర చాప మీద కూర్చుని మునగాకు దూస్తోంది. పెంచల్ ఎర్ర గిటారు తీసి, మాస్టారి పాత యాంప్లిఫయర్‌కు తగిలించి, తన చేతిలో ఉన్న విద్యంతా గుమ్మరించాడు. వేళ్ళు పై నుంచి కిందికి, కింద నుంచి పైకి పరుగులు తీశాయి. గోడకున్న క్యాలెండరు అదిరింది. తర్వాత రెండోది తీశాడు. రంగు వెయ్యని ఉత్త చెక్క గిటారు. దాని మీదా అదే పరుగు. కానీ ఆ నాదం గది మధ్యలోనే ఆగిపోయినట్టుంది.

"చూశారా, ఇది పలకదు" అన్నాడు పెంచల్. "కానీ చేతికి మాత్రం ఇదే హాయి మాస్టారూ. మెడ పట్టుకుంటే నా కోసం చెక్కినట్టుంది. ఎర్రదాని మెడ లావు. గంట వాయిస్తే బొటనవేలు పీకుతుంది. అయినా నాదమంటే ఎర్రదానిదే. ఇంతకీ నేను చెయ్యి మాట వినాలా, చెవి మాట వినాలా?"

మాస్టారు గుమ్మం వైపు తిరిగాడు.

"ఎస్తేరూ, పొద్దున ఏదో పాడుకుంటున్నావే, మీ అమ్మమ్మ ఉయ్యాల పాట. అది పాడు."

"ఇప్పుడా? ఆకు దూస్తున్నా కదా."

"దూస్తూనే పాడు. చేతులతో పాడతావా ఏంటి?"

"శిష్యుడి ముందు నన్ను నవ్వులపాలు చెయ్యకపోతే మీకు పొద్దుపోదు" అంటూనే ఎస్తేరమ్మ అందుకుంది. సన్నటి గొంతు, కాస్త వణుకు.

"వెనక వాయించు" అన్నాడు మాస్టారు.

పెంచల్ ఎర్ర గిటారు పట్టాడు. శ్రుతి దొరకగానే చెయ్యి ఊరుకోలేదు. రెండు చరణాలైనా కాకముందే పాట ఆగింది. అతను ఇంకా వాయిస్తూనే ఉన్నాడు. కాసేపటికి గమనించి తలెత్తాడు.

"ఏమ్మా, ఆపేశారు?"

"నేను ఆపలేదు నాయనా. ఎక్కడున్నానో నాకే తెలీకుండా పోయింది."

పెంచల్ ముఖం మాడింది. సౌండు సగానికి తగ్గించి మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగిందామె.

చెక్క గిటారు అందుకున్నాడు. ఈసారి పాట సాగింది. ఆ సన్నటి గొంతే ఇందాకటి కంటే పెద్దదైనట్టు వినపడింది. ఇందాక ఒంటరిగా వాయిస్తే మూగదనిపించిన గిటారు, ఇప్పుడు గొంతు కింద పరుపులా ఒదిగింది. మూడు చరణాలు పాడేసి ఎస్తేరమ్మ ఇంకో మునగ రెమ్మ అందుకుంది.

"తేలిపోయింది మాస్టారూ, ఇదే" అన్నాడు పెంచల్, ఊపిరి పీల్చుకుని.

"ఏం తేలింది?" అన్నాడు మాస్టారు. "హైమావతి పాడేటప్పుడు ఊపిరి ఎక్కడ తీసుకుంటుంది?"

పెంచల్ గుర్తు చేసుకోబోయాడు. నాలుగేళ్ళు. ఎన్ని ఊళ్ళు, ఎన్ని పందిళ్ళు. ఏ పాటలో తన వాయింపు ఎక్కడ వస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్తాడు. ఆమె ఊపిరి సంగతి మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

"తెలీదు మాస్టారూ."

"పోనీ, ఈవిడ? మూడుసార్లు విన్నావు కదా."

పెంచల్‌కు అదీ తెలీదు.

మాస్టారు లేచి చెక్క గిటారు అతని ఒళ్ళోంచి తీసేసి, ఎర్రది పెట్టాడు.

"దీంతోనే మళ్ళీ" అన్నాడు. "సౌండు ముట్టుకోకు."

ఎస్తేరమ్మ పాట ఎత్తుకుంది. ఈసారి పెంచల్ తన వేళ్ళ వైపు చూడలేదు. ఆమె వైపు చూశాడు. పంక్తి చివర ఆమె భుజాలు కొంచెం పైకి లేస్తాయి. రెమ్మ మీద చెయ్యి ఆగుతుంది. అక్కడ ఊపిరి. ఆ సందులో అతను రెండు తీగలు మాత్రం తాకాడు. ఆమె మొదలుపెట్టగానే చెయ్యి తీసేశాడు. ఆమె గొంతు పైకెక్కిన చోట అతను కిందికి దిగాడు. ఇందాక పాటను మింగేసిన గిటారే, ఇప్పుడు పక్కకు జరిగి చోటిచ్చింది.

ఎక్కడా పాట ఆగలేదు. ఎస్తేరమ్మ చేతిలో ఆకు దూయడం ఆగింది. కళ్ళు మూసుకుని పాడుతోంది. నాలుగో చరణం కూడా వచ్చింది, ఇంతకుముందు పాడనిది.

పాట అయింది. రైలు పట్టాల వైపు నుంచి గాలి వచ్చి చాప మీది ఆకుల్ని కొంచెం కదిలించింది.

"ఇప్పుడు చెప్పు. ఏది తీసుకుంటావు?" అన్నాడు మాస్టారు.

పెంచల్ ఎర్ర గిటారును జాగ్రత్తగా పెట్టెలో పెట్టి మూత బిగించాడు. చెక్క గిటారు ఒళ్ళోకి తీసుకుని, మెడ మీద బొటనవేలు ఆనించుకున్నాడు. పాటకు చోటివ్వడం తన చేతిలో పనే అయినప్పుడు, చేతికి హాయిగా ఉన్నదే చాలు.

"అమ్మా, అలసిపోకపోతే ఇంకొక్క పాట పాడతారా?" అన్నాడు.