దివానుగారి చూపుడువేలు

మల్లెలదిబ్బ జమీందారుగారు మోటారు కారు కొన్నప్పటినుంచి దివాను పేర్రాజుగారికి కంటిమీద కునుకు లేదు. కారు తుడిచే పని పైడన్నది. ఆ పనిలో తన బావమరిదిని పెట్టాలని ఈయన తాపత్రయం.

కానీ పైడన్న దగ్గర తప్పు దొరికితేగా! డ్యాష్‌బోర్డు మీద దుమ్ము తుడిచి, ఎండకు చెక్క పగలకుండా తేనెమైనం రుద్ది, తోలు సీట్లకు కొబ్బరినూనె పట్టించి, కారు లోపలంతా అద్దంలా ఉంచేవాడు.

ఒకనాడు జమీందారుగారు తెల్లటి పట్టు కండువా వేసుకుని షికారుకు బయల్దేరారు. దివానుగారు నశ్యం డబ్బీ తీసి, చూపుడువేలితో చిటికెడు ముక్కులోకి ఎక్కించి, గట్టిగా తుమ్మి, అదే వేలితో డ్యాష్‌బోర్డు మీద ఒక్క గీత గీశారు. గోధుమరంగు చార పడింది.

"చూశారా ప్రభూ, ఎంత దుమ్మో! వీణ్ణి ఈ పూటే పంపించెయ్యాలి."

జమీందారుగారి కనుబొమలు ముడిపడ్డాయి. పైడన్న ఆ వేలు చూశాడు. మురికి మీ వేలిదే అని దివానుతో అంటే వీపు చిట్లుతుంది. అందుకని చేతులు కట్టుకుని, "నిజమే బాబయ్యా, పాడు గాలి! దొరగారి కండువా మీద కూడా పడిందేమో, కాస్త చూడండి" అన్నాడు.

"దొరగారి కండువా మీద దుమ్మా? మల్లెపువ్వులా ఉంటేనూ!" అంటూ దివానుగారు అదే వేలు కండువా మీద రాసి చూపించారు. అక్కడా అదే చార.

పైడన్న వంగి దండం పెట్టాడు.

"దొరా, చాకలిని కూడా ఈ పూటే పంపించేద్దామా? లేక దివానుగారి వేలొక్కటి కడిగిస్తే సరిపోతుందా?"

ఆ తర్వాత దివాణంలో పేర్రాజుగారు ఏది తనిఖీ చెయ్యబోయినా, ముందు ఆయన వేలు తనిఖీ అయ్యేది.