హాస్టల్ ఫారం స్క్రీన్‌షాట్

ఇంద్రజకి ఒళ్లు మండిపోతోంది. రెండు వందల పన్నెండు టెస్టులు, అన్నీ పాస్. తెర నిండా పచ్చటి టిక్కులు. అయినా ఖాదర్ వలీ సార్ సరేననడం లేదు.

విజయవాడలోని ఆ చిన్న కంపెనీలో, వెబ్‌సైట్లు జనంలోకి వెళ్లేముందు పరీక్షించడమే వాళ్ల పని. మనిషి బదులు ప్రోగ్రామే బ్రౌజర్ తెరిచి, ఫారం నింపి, బటన్లు నొక్కి చూస్తుంది. ఆ ప్రోగ్రాములు రాయడం ఇంద్రజకి నేర్పింది ఖాదర్ వలీయే. ఇప్పుడు ఆమె చేతిలో ఉన్నది ఆడపిల్లల హాస్టల్ సీట్ల సైటు. రేపు పొద్దున తెరుస్తారు. ముందు నింపినవాళ్లకే సీటు. సాయంత్రంలోగా "అంతా బాగుంది" అని సంతకం పెడితే ఉద్యోగం పర్మనెంట్ చేస్తానని మేనేజర్ ప్రభంజన్ ఆమెకి మాటిచ్చాడు.

"స్క్రీన్‌షాట్లు ఏవమ్మా?" అన్నాడు ఖాదర్ వలీ.

"ఫెయిలైతేనే తీసేలా రాశాను సార్. ఒక్కటీ ఫెయిల్ కాలేదు. ఇంక ఫోటోలెందుకు, గోడకి తగిలించుకోడానికా?"

"తగిలిద్దాంలే. ఒక్కటి తియ్యి."

గొణుక్కుంటూనే ఒక లైను చేర్చి మళ్లీ నడిపించింది. ఫారం ఆఖరి పేజీ ఫోటో వచ్చింది, చిన్న ఫోన్ తెర సైజులో.

"'పంపించు' బటన్ ఏది?"

ఇంద్రజ వెతికింది. అది ఉండాల్సిన చోట "సహాయం కావాలా?" అన్న డబ్బా దర్జాగా కూర్చుని ఉంది.

"దాని కింద ఉంది సార్. ప్రోగ్రాం కూడా మొదట్లో ఏదో అడ్డముందని మొరాయించింది. బలవంతంగా నొక్కేలా నేనే రాశాను. ఇప్పుడు చక్కగా నొక్కేస్తోంది," అంది, ఏమాత్రం తగ్గకుండా.

ఖాదర్ వలీ తన పాత ఫోన్లో అదే పేజీ తెరిచి ఆమె చేతిలో పెట్టాడు. "నువ్వూ నొక్కు."

నొక్కింది. సహాయం డబ్బా తెరుచుకుంది. మూసి మళ్లీ నొక్కింది. మళ్లీ అదే. పేజీని పైకి జరిపింది, కిందకి జరిపింది, ఫోన్ అడ్డం తిప్పింది. డబ్బా కదిలితే ఒట్టు! ఏడోసారికి ఆమె బొటనవేలు ఆగిపోయింది. రేపు ఎంతమంది పిల్లలు ఇలాగే నొక్కి నొక్కి ఏడుస్తారో అనుకుంది.

అంతలో ప్రభంజన్ వచ్చి సంతకం కాగితం బల్ల మీద పెట్టాడు. ఇంద్రజ గురువు వైపు చూసింది. ఆయన తనకేమీ పట్టనట్టు టీ తాగుతున్నాడు.

ఆమె తను రాసిన బలవంతపు లైను పీకి పారేసి, టెస్టు నడిపించింది. ఎర్రగా ఫెయిల్ అని పడింది. ఆ స్క్రీన్‌షాట్‌ని సైటు చేయించుకుంటున్నవాళ్లతో సహా అందరికీ మెయిల్ కొట్టింది.

"నేను సంతకం పెట్టను సార్."

"పిచ్చా నీకు? పొద్దున పచ్చగానే ఉందిగా!" అన్నాడు ప్రభంజన్.

"పొద్దున నేను అబద్ధం రాశాను. ఆ డబ్బా తీసేదాకా పెట్టను."

"నీ ఉద్యోగం సంగతి మర్చిపోయావా?"

"మర్చిపోలేదు. అయినా పెట్టను."

ప్రభంజన్ ఖాదర్ వలీ మీదకి తిరిగాడు. "మీరైనా చెప్పండి!"

"ఆ అమ్మాయి చెప్పేసిందిగా," అన్నాడాయన.

కాగితం లాక్కుని ప్రభంజన్ విసవిసా వెళ్లిపోయాడు. ఇంద్రజ గురువు వైపు తిరిగింది.

"నా ఉద్యోగం ఉంటుందంటారా సార్?"

ఖాదర్ వలీ గ్లాసు కింద పెట్టాడు.

"అది నాకు తెలీదమ్మా. పని మాత్రం ఇవాళ వచ్చింది నీకు."