గోడ అవతలి మీట

అన్యాయం జరిగింది సత్యవేణికి. 1988 జూలై 4, సోమవారం. చేసింది ఆమె సొంత చెల్లెలు ఇందుమతి.

రేడియో మెకానిక్ కోర్సులో సీటు వచ్చిందనీ, పదిహేను రోజుల్లో వచ్చి చేరమనీ తెనాలి నుంచి కవరు వచ్చింది. ఇందుమతి దాన్ని పోస్టుమాన్ చేతిలోంచి అందుకుని వెంకటేశ్వరస్వామి పటం వెనక దోపేసింది. అక్క వెళ్లిపోతే తను ఎవరి పక్కన పడుకోవాలన్న దిగులు. పద్నాలుగేళ్ల పిల్లకేం తెలుసని జాలిపడేవాళ్లు పడండి. పటం వెనక దాచాలని తెలిసిన పిల్లకు అన్నీ తెలుసు. నాలుగు నెలల తర్వాత సున్నం వేయడానికి పటం దించితే కవరు కింద పడింది. సత్యవేణి చదివింది, మడిచింది, ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసింది. ఆ పూట నుంచి చెల్లెలితో మాట్లాడలేదు. తండ్రి పోయాక రేపల్లెలో వాళ్ల ఇల్లు రెండు వాటాలైంది, నడుమ ఒక గోడ లేచింది, ముప్పయ్యయిదేళ్లు గడిచాయి. మొన్న వేసవిలో పక్షవాతం వచ్చి సత్యవేణికి కుడి పక్కా, మాటా పోయాయి. మాట్లాడని మనిషి మాట్లాడలేని మనిషైంది. ఊరికి ఆ రెండూ ఒకటే. గంజి తాగించడానికి రోజూ వెళ్లే ఇందుమతికి మాత్రం కాదు. గుటక వేసిన మరుక్షణం అక్క మొహం గోడవైపు తిరిగేది.

మా రాహేలు టీచరు ఐ.టి.ఐ.లో పాఠాలు చెప్పి రిటైరయిన మనిషి. ఇప్పుడు ఇంటి వరండాలో, వచ్చినవాళ్లకు మైక్రోకంట్రోలరు నేర్పుతుంది. అదొక చిన్న బోర్డు. మనం రాసిన నాలుగు వరుసల ప్రోగ్రాము తప్ప దానికి లోకం తెలియదు. కొత్తగా ఎవరొచ్చినా టీచరు ఒక నోటుబుక్కు చేతిలో పెట్టి, మొదటి పేజీలో పేరూ, చేరిన తేదీ రాయిస్తుంది. ఆ తర్వాత ఏ ప్రశ్న అడిగినా జవాబు ఒక్కటే: "ఏదీ, తీగలు చూపించు." నేనూ ఆ వరండాలో నేర్చుకునేదాన్నే గనుక ఈ సంగతి చూసి చెబుతున్నాను, విని కాదు.

ఇందుమతి నలభైతొమ్మిదో ఏట వచ్చి చేరింది. చేరిన రోజే కవరు సంగతి దాచకుండా చెప్పేసింది. రెండు నెలలు కుస్తీ పట్టి, సెల్‌ఫోన్లో వీడియోలు చూసి, ఒక పిలుపుపెట్టె తయారుచేసింది. అక్క ఎడమచేతి కింద మీట, గోడ మీదుగా ముప్పయ్యడుగుల తీగ, తన వంటింట్లో బోర్డూ ఎర్రదీపమూ. అవతల మీట నొక్కితే ఇవతల దీపం వెలగాలి.

మొదటి రోజే పదకొండుసార్లు వెలిగింది. పదకొండుసార్లూ పొయ్యి మీద కూర వదిలేసి పరిగెత్తింది. వెళ్లేసరికి అక్క గోడవైపే తిరిగి ఉంది. అయినా మర్నాడు ఇందుమతి మొహం చూడాలి!

"పిలుస్తోంది టీచరమ్మా. నేను వెళ్లేసరికి మళ్లీ బింకం."

"ఏదీ, విప్పి తెచ్చి చూపించు."

మొత్తం విప్పుకుని తెచ్చింది. మీటను కిటికీలో పెట్టి, తీగను వరండా పొడుగునా పరిచి, ఎవరూ ముట్టుకోకుండా కూర్చున్నాం. టీచరుగారి పిల్లి వచ్చి తీగకు ఒళ్లు రుద్దుకుంది. ఎర్రదీపం వెలిగింది.

"ఏమ్మా, మా పిల్లికీ నీతో బింకమేనా?"

నేను నవ్వాను. ఇందుమతి నవ్వలేదు. "నొక్కకపోతే సున్నా, అంటే ఆరినట్టే కదండీ. ప్రోగ్రాములో అలాగే రాశాను."

"నొక్కనప్పుడు సున్నా అని, బోర్డులో తీగ తగిలించిన ఆ పిన్నుకెవరు చెప్పారు? దాన్ని దేనికీ కట్టకుండా వదిలేశావు. వదిలేసిన తీగ గాలికి కూడా ఔనంటుంది."

వీడియోలో ఆ ముక్క ఉంది. ఒంటినిండా చారలున్న పూసలాంటి చిన్న రెసిస్టరు. అలంకారమనుకుని ఇందుమతి మానేసింది. టీచరు దాన్ని పిన్నుకూ, ఎప్పుడూ సున్నాగానే ఉండే గ్రౌండుకూ మధ్య కట్టించింది. పిల్లి తీగ మీద పొర్లినా దీపం వెలగలేదు.

ఇందుమతి వంటింట్లోనూ వెలగలేదు. ఒక రోజు కాదు, పదమూడు రోజులు. పద్నాలుగో రోజు వచ్చి మెట్టు మీద కూలబడింది.

"ఆ పూస తీసేస్తాను టీచరమ్మా. అది లేనప్పుడే నయం, వెలిగినప్పుడల్లా పరిగెత్తేదాన్ని. ఒట్టిదైనా పిలుపు పిలుపే కదండీ?"

ముప్పయ్యయిదేళ్లు ఆకలితో ఉన్న మనిషికి బొమ్మ అన్నమూ అన్నమే. నేనైతే అప్పుడే నాలుగు దులిపేదాన్ని. టీచరు మాత్రం రెండు బోర్డులు ముందు పెట్టింది. ఒకదానికి పూస ఉంది, రెండోదానికి లేదు. రెండు మీటలూ ఒళ్లో తువ్వాలు కింద దాచింది.

"ముందు పూస లేనిది. ఒక్కసారే నొక్కుతాను. ఎప్పుడో చెప్పు."

దీపం మిణుకుతోంది, ఆరుతోంది, మళ్లీ మిణుకుతోంది. ఇందుమతి రెప్ప వేయకుండా చూసి, "ఇదే," అంది. మళ్లీ, "కాదు, ఇది," అంది. ఏడుసార్లు అంది.

"నొక్కేశానమ్మా. ఎప్పుడో అయిపోయింది."

తర్వాత రెండోది. చీకటిగా ఉంది. పోసిన టీ మీద మీగడ కట్టింది. అప్పుడు వెలిగింది. ఇందుమతి చెయ్యి దానంతటదే గుండె మీదికి వెళ్లింది. లేచి, పూస తీసేద్దామని పట్టుకొచ్చిన కటింగ్ ప్లయరు బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయింది.

ఆరు రోజుల తర్వాత, సాయంత్రం అయిదింటికి, చెప్పులైనా లేకుండా వచ్చింది.

"నాలుగూ పదికి వెలిగింది టీచరమ్మా. వెళ్లేసరికి బొటనవేలు ఇంకా మీట మీదే ఉంది. గోడవైపు తిరగలేదు. పెట్టె తెచ్చి విప్పమని సైగ చేసింది. విప్పాను. లోపలంతా చాలాసేపు చూసింది. చూసి, నేను సీసం పెట్టిన అతుకు గోటితో గీకి, మూతి విరిచింది."

"ఎలా పెట్టావేమిటి అతుకు?"

"మేకపెంటికలా ఉందండి." నవ్వబోయి ఏడ్చింది. "క్షమించిందంటారా?"

రాహేలు టీచరు లోపలికి వెళ్లి ఒక కొత్త నోటుబుక్కు తెచ్చి, మొదటి పేజీ తిప్పి ఆమె ముందు పెట్టింది.

"రాయి. పేరు, సత్యవేణి. చేరిన తేదీ, 2023 అక్టోబరు 19."