వెట్టికి వెళ్లిన మట్టిబొమ్మ

మట్టిబొమ్మలు చేసే హెనుత్‌కి గోధుమ కోతకొచ్చిన రోజే నైలు కాలువ తవ్వే వెట్టి పడింది. వెళ్తే పంటంతా పిట్టల పాలు. అందుకని తన బదులు ఒక బొమ్మను పంపింది.

అధికారి నఖ్తు పూజారిని వెంటబెట్టుకుని వచ్చాడు. "ఏమే, బొమ్మ కాలువ తవ్వుతుందా?"

"చచ్చాక పరలోకంలో మీ బదులు వెట్టి చేయడానికి సమాధిలో పెట్టుకోడానికని నాతో మూడు వందల బొమ్మలు చేయించుకున్నారు కదా దొరా. ఈ పూజారిగారి మంత్రమే దీని మీదా రాశాను. అక్కడ తవ్వేది ఇక్కడ తవ్వదా?"

నఖ్తు పూజారి వైపు చూశాడు. పూజారి నది వైపు చూశాడు.

"తవ్వుతోందిలే," అని గొణిగి నఖ్తు బొమ్మకి హాజరు వేయించాడు.

హెనుత్ కోత ముగించింది. కాలువ గట్టున బొమ్మ తట్టెడు మట్టి కూడా తీయకుండా పెట్టిన చోటే ఉంది. తన సమాధికి మాత్రం ఒక్క బొమ్మా చేసుకోకూడదని ఆ రోజే నిర్ణయించుకుంది. చచ్చేదాకా చేసుకోలేదు.