బానెట్ మీద అరచెయ్యి

ఓబులేసుకు నాలుగు రోజులుగా నిద్ర లేదు. కళ్ళు మూస్తే చాలు, ఎర్రటి స్పోర్ట్స్ కారు. రెండే సీట్లు, నేలను రాసుకుంటూ పోయే ఒళ్ళు. బండల ఫ్యాక్టరీ సుదర్శనం గారు దాన్ని అమ్ముతున్నారని విన్నప్పటి నుంచీ అతని మనసు అతని దగ్గర లేదు.

అది కొనాలంటే తన మెకానిక్ షెడ్డు అమ్మెయ్యాలి. ఎనిమిదేళ్ళు పీరా ఉస్తాద్ దగ్గర పని నేర్చుకుని, ఆయన చేత్తోనే షట్టర్ ఎత్తించుకున్న షెడ్డు అది. కొనేవాడు దొరికాడు. సాయంత్రం సంతకం పెట్టడమే మిగిలింది.

“ఒక్కసారి మీరొచ్చి కారు చూసి, సరే అనండి ఉస్తాద్.”

“నీ చెవులున్నాయి కదా,” అన్నాడు ముసలాయన.

చప్పుడు విని ఇంజను జబ్బు చెబుతాడని తాడిపత్రిలో ఓబులేసుకు పేరు. ఆ మాటకు అతను లోలోపల పొంగిపోయాడు. పదింటికి వస్తాం, బండి రెడీగా పెట్టండని సుదర్శనం గారికి ముందురోజే ఫోన్ చేశాడు కూడా.

వాళ్ళు వెళ్ళేసరికి కారు రేకుల నీడలో, అప్పుడే తలంటుకున్నట్టు మెరుస్తోంది. పీరా ఉస్తాద్ చుట్టూ తిరగలేదు, తలుపు తియ్యలేదు. బానెట్ మీద అరచెయ్యి ఆనించి కాసేపు ఉంచాడు. తీసేశాడు.

ఓబులేసు తాళం తీసుకుని గుత్తి రోడ్డెక్కాడు. రోడ్డంతా చాపలా చుట్టుకుని తన కిందికే వచ్చేస్తున్నట్టుంది. రెండు పక్కలా పొద్దుతిరుగుడు చేలు పసుప్పచ్చ గీతలైపోయాయి. తిరిగొచ్చేసరికి అతని కళ్ళు తడిగా ఉన్నాయి.

“ఇంజను పాడుతోంది ఉస్తాద్. ఎక్కడా ఒక్క అపస్వరం లేదు.”

ఉస్తాద్ అదే అరచెయ్యి తెచ్చి అతని గుండె మీద పెట్టాడు. బానెట్ మీద ఎంతసేపు ఉంచాడో అంతసేపూ ఉంచాడు.

“ఇక్కడా కాలుతోంది,” అని వెళ్ళి అరుగు మీద కూర్చున్నాడు. “రెండూ చల్లారనీ.”

“సాయంత్రం సంతకం ఉంది ఉస్తాద్.”

“సాయంత్రానికి చల్లారతాయిలే.”

సుదర్శనం గారు నవ్వారు. “ఏందప్పా, కారు చూడ్డానికొచ్చినారా, కాపలా కాయడానికా?”

“రెండిటికీ సారూ. మజ్జిగుంటే ఇప్పియ్యండి.”

మజ్జిగ వచ్చింది. మధ్యాహ్నం భోజనం కూడా వచ్చింది. ఉస్తాద్ తువ్వాలు పరుచుకుని నమాజు చేసుకున్నాడు, గోడకానుకుని కునుకు తీశాడు. ఓబులేసు మాత్రం కారునే చూస్తూ కూర్చున్నాడు. మొదట్లో ఒక్కో నిమిషం ముల్లులా గుచ్చుకుంది. తర్వాత తర్వాత, ఎడమ తలుపు ఎరుపు మిగతా ఒంటి ఎరుపు కంటే కాస్త ముదురుగా ఉందని, ఎప్పుడో మళ్ళీ రంగేశారని తోచింది. పొద్దున అదెందుకు కనబళ్ళేదో అర్థం కాలేదు.

నీడలు సాగాయి. ఉస్తాద్ రెండో నమాజు ముగించి తువ్వాలు మడిచాడు. బానెట్ తాకి చూశాడు.

“ఇప్పుడు స్టార్ట్ చెయ్యి.”

ఓబులేసు తాళం తిప్పాడు. డబ్బాలో గోళీలు పోసి ఆడించినట్టు, ఇంజను లోపల్నుంచి టకటకమని చప్పుడు. వెనక నుంచి నీలం పొగ. కాసేపటికి ఇంజను వేడెక్కి, చప్పుడు సన్నగిల్లి మాయమైంది. మళ్ళీ పొద్దుటి పాటే.

సుదర్శనం గారు నేల చూపులు చూశారు. “పొద్దున ఎనిమిదికే స్టార్ట్ చేసి పెట్టినానప్పా. రెడీగా ఉంచమన్నాడు కదా మీవాడు.”

బండి చూడ్డానికి పోయేటప్పుడు టైము చెప్పకు, ఇంజను చల్లగా ఉన్నప్పుడే దాని జబ్బు బయటపడుతుంది. ఉస్తాద్ దగ్గర పనికి చేరిన మొదటి వారం ఆయన చెప్పిన మాట అది. ఆ తర్వాత ఓబులేసే ఎంతమందికి చెప్పాడో.

“విన్నావా?”

“విన్నా ఉస్తాద్.”

“ఇంజను దించితే ఎన్నాళ్ళ పని?”

“నెల పడుతుంది.”

“ఎక్కడ దించుతావు?”

ఓబులేసు నోరు తెరిచాడు. షెడ్డు పేరు నాలుక దాకా వచ్చి ఆగిపోయింది.

అతను కారు దిగాడు. తాళం సుదర్శనం గారి చేతిలో పెట్టాడు. పక్కకు వెళ్ళి ఫోన్ తీసి, సంతకానికి రావడం లేదని షెడ్డు కొనేవాడికి చెప్పాడు. వెనక్కి వచ్చాక కూడా కారు వైపు తల తిప్పలేదు.

ఉస్తాద్ అతన్ని చాలాసేపు చూశాడు.

“సారూ, మావాడికి ఇంకొక్క రౌండు ఇస్తారా?”

“కొంటాడా మరి?”

“కొనడు.”

సుదర్శనం గారు తాళం ఇచ్చారు.

“ఇంకెందుకు ఉస్తాద్?” అన్నాడు ఓబులేసు.

“పొద్దున నువ్వు దాన్ని చూళ్ళేదు నాయనా. ఇప్పుడు చూసి రా.”

ఓబులేసు మళ్ళీ గుత్తి రోడ్డెక్కాడు. ఈసారి మెల్లగా పోనిచ్చాడు. చేలల్లో పొద్దుతిరుగుడు పూలు ఒక్కొక్కటీ విడివిడిగా కనబడ్డాయి.