చెదపురుగు పొట్ట కింది తిత్తి

ఒకప్పుడు చెదపురుగులకు దారి వాసన అంటే ఏంటో తెలీదు. కళ్ళు ఇప్పటిలాగే అప్పుడూ లేవు. కళ్ళూ లేక, వాసనా లేక ఎలా తిరిగేవో చెబితే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, కానీ కాస్త మెల్లగా. మా వీధి తలుపు చట్రాన్ని పొడిపొడి చేసిన జాతే అయినా, ఈ ఒక్క సంగతిలో నాకు వాటి మీద జాలి.

అవి గొలుసు కట్టి తిరిగేవి. ముందున్నదాని వెనక కాలు వెనకున్నది నోట కరుచుకునేది. దాని కాలు ఇంకోటి. అలా పుట్ట గుమ్మం దాకా. అందరికంటే ముందున్న పురుగు ఏ పుల్లో ఎండుటాకో తిని, పొట్ట నింపుకుని ఇంటికొచ్చి, ఆకలిగా ఉన్నవాళ్ళ నోట్లో నోరు పెట్టి తినిపించేది. వాళ్ళిళ్ళల్లో వడ్డన అంటే అదే.

గొలుసు అందినంత మేరే తిండి. ఒక ఎండాకాలం ఆ మేరంతా ఖాళీ అయింది. ఆకు ఈనె కూడా మిగల్లేదు. పుట్టలో పిల్లపురుగులు నోళ్ళు తెరుచుకుని పడున్నాయి. ఏడవడానికైనా ఓపిక లేదు పాపం.

ఆ రోజు గొలుసుకు ముందు పోలక్క ఉంది. దాని కాలు పట్టుకుని చెల్లెలు సుంకి. సుంకి కాలు పట్టుకుని కొండన్న. కొండన్న పుట్టకు సిపాయి. ఇంత తల, ఇంత దవడలు.

దూరంగా ధబ్బుమని ఏదో పడింది. నేల అదిరింది.

"చెల్లీ, బూరుగు కొమ్మ విరిగినట్టుందే! మెత్తటి కర్ర. పిల్లలకెంత బాగుంటుందో! ఇంకాస్త సాగు," అంటూ పోలక్క ముందుకు లాగింది.

"వద్దక్కా!" అంది సుంకి.

అన్నది దేంతో? నోటితో! నోట్లో ఉన్న అక్క కాలు జారిపోయింది.

"అక్కా! అక్కా!" అని సుంకి గుండెలు పగిలేలా పిలిచింది. పోలక్క పలికిందో లేదో, పలికినా ఎటు నుంచో తెలీలేదు.

"బాబాయ్, నా కాలు వదులు. అక్క కోసం పోవాలి," అంది సుంకి.

"చస్తే వదలను!" అన్నాడు కొండన్న.

అన్నాడుగా, నోరు తెరిచాడుగా. సుంకి పరుగో పరుగు.

పరుగైతే తీసింది గానీ, ఎటని పోతుంది? అటు తిరిగింది, ఇటు తిరిగింది. వెనక కొండన్న అరుపు తప్ప ఏమీ తెలీడం లేదు. అప్పుడు గాలి పలకరించింది.

"గాలి మావా! నేనెటు పోయానో మా వాళ్ళకి తెలిసేట్టు చెయ్యి," అంది సుంకి.

"ఓస్, అంతేనా!" అని గాలి దాని వీపు మీద ఘుమఘుమలాడే వాసన పూసింది. సుంకికి ఒళ్ళు పొంగిపోయింది. పెళ్ళికి పోయేదానిలా ముస్తాబై నడిచింది.

ఆ వాసన నేల మీద నిలవలేదు. గాలి దాన్ని అన్ని దిక్కులకూ పట్టుకుపోయింది. "చెదపురుగు వాసనరోయ్! రండర్రా!" అంటూ గండుచీమల దండు బయల్దేరింది. సుంకి ఒక మట్టిపెళ్ళ కిందికి దూరి, పొట్ట నేలకు ఆనించి పడుకుంది. చీమలు అటూ ఇటూ వెతికి, తిట్టుకుంటూ పోయాయి.

సుంకి అలాగే పడుకుని ఏడ్చింది. "నేను నోరు తెరవకపోతే అక్క నా దగ్గరే ఉండేది," అని ఏడ్చింది.

"ఎవరే అది, నా ఒళ్ళో ఏడుస్తున్నది?" అంది నేలతల్లి.

సుంకి అంతా చెప్పుకుంది.

"పిచ్చిపిల్లా! గాలికి చెబితే ఊరంతా చాటదూ? నాకు చెప్పు. నా మీద తల వంచి నడిచేవాళ్ళకే నేను చెబుతాను," అని నేలతల్లి సుంకి పొట్ట కింద మెత్తగా గిల్లింది. అక్కడ ఒక చిన్న తిత్తి ఏర్పడింది. దానికి పల్చటి రేకు మూత. పొట్ట నేలకు ఆనిస్తే తిత్తిలోంచి కాస్త తడి, కాస్త వాసన. "ఒక్కటే మాట. ఈ వాసన త్వరగా ఆరిపోతుంది. నడిచినవాళ్ళంతా రాస్తేనే దారి నిలుస్తుంది," అంది.

సుంకి పొట్ట రాసుకుంటూ బయల్దేరింది. తన వాసన తనకే తగిలితే "ఇక్కడ వెతికేశాను" అని ఇంకోవైపు తిరిగేది. అలా తిరిగి తిరిగి బూరుగు కొమ్మను చేరింది. దాని పక్కనే పోలక్క పడుంది. చీమలు ఒక కాలు కొరికేశాయి.

"అక్కా, నేనే నిన్ను వదిలేశానే!"

"వదిలావా? నన్ను పిలిచావు కదే," అంది పోలక్క. "ఏడుపు తర్వాత. పిల్లల కోసం కడుపు నిండా తిని, ఎటు పోవాలో తెలీక కూచున్నాను. ఇంద, ఇదంతా తీసుకో."

"నువ్వూ రా."

"ఈ కాలితో నేను నడిచేసరికి నీ దారి ఆరిపోతుంది. ఇద్దరం పోతాం, పిల్లలూ పోతారు. నువ్వు పో!"

అక్క నోటి తిండి నోట పట్టుకుని సుంకి బయల్దేరింది. అక్కను రెండోసారి వదలడం ఎంత కష్టమో మీరే అనుకోండి. అడుగడుక్కీ పొట్ట గట్టిగా అదుముతూ, తిత్తి నొప్పి పెట్టినా అదుముతూ మట్టిపెళ్ళ దాకా వచ్చింది. అక్కణ్ణుంచి, ఇంకా పిలుస్తూనే ఉన్న కొండన్న అరుపే దారి చూపింది; గుమ్మం దాకా అదమడం మాత్రం ఆపలేదు.

గుమ్మంలో సుంకి ఒకరి నోట్లో పెట్టింది. వాళ్ళు ఇంకొకరికి పెట్టారు. ఆ ముద్దతో పాటే నేలతల్లి వరం కూడా ఒంట్లోకి పోయి, అందరి పొట్టల కిందా తిత్తి మొలిచింది.

"మా అక్క అక్కడే ఉంది. దారి ఆరిపోతోంది. పదండి!" అంది సుంకి.

గొలుసు లేదు, ఏమీ లేదు. పుట్ట పుట్టంతా తల వంచి, వాసన పట్టుకుని నడిచింది. నడిచిన ప్రతి పురుగూ తన వంతు రాసింది. పల్చటి దారి చిక్కబడింది. కొండన్న తన దవడల మీద పోలక్కను ఎత్తుకున్నాడు. ఈసారి మాత్రం నోరు మెదపలేదు.

"పిల్లలు తిన్నారా?" అంది పోలక్క. అదే దాని మొదటి మాట.

అప్పటినుంచే చెదపురుగు నడిస్తే పొట్ట నేలకు రాసుకుంటూ నడుస్తుంది. వెతుక్కుంటూ పోయేటప్పుడు తేలిగ్గా రాస్తుంది, తిండి దొరికి ఇంటికొచ్చేటప్పుడు గట్టిగా అదుముతుంది. వెనక ఎవరొస్తారో దానికి కనపడదు. ఎవరో ఒకరు ఆకలితో వస్తారని మాత్రం దానికి తెలుసు.